రాజుగారిని ఎన్నుకున్న ఊరు

పూర్వం నాగులేరు ఒడ్డున ఒక ఊళ్లో జనం తమ పెద్దను తామే ఎన్నుకునేవారు. కొత్తగా పట్టమెక్కిన రాజుగారు, "ఎన్నుకోండి, కానీ ఆ మనిషి నాకు నచ్చాలి" అని ఆజ్ఞ ఇచ్చారు. ఊరు మూడుసార్లు కుమ్మరి పేరయ్యనే ఎన్నుకుంది. మూడుసార్లూ కోట నుంచి కాదని కబురొచ్చింది. పెద్ద లేక కాలువ పూడిపోయి నారుమళ్లు ఎండసాగాయి.

నాలుగోసారి బుట్టలల్లే గవరమ్మ చెప్పిన పేరుకు అందరూ చేతులెత్తారు. ఆ మాట చెప్పడానికి ఆమే కోటకు వెళ్లింది.

"ఈసారి ఎవరు?" అన్నారు రాజుగారు.

"తమరే ప్రభూ. తమకు నచ్చే మనిషి ఇంకెవరూ మాకు తోచలేదు."

రాజుగారు నవ్వారు. "మరి పెద్ద చేయాల్సిన పనేమిటి?"

"పూడిక తీసేటప్పుడు కాలువలోకి ముందు తానే దిగాలి. పిలవకుండా ఎవరి గడపా దాటకూడదు."

"దాటితే?"

"దించేసి ఇంకొకరిని ఎన్నుకుంటాం."

రాజుగారు చిక్కులో పడ్డారు. ఒప్పుకుంటే రాజును ఊరు దించగలదు. వద్దంటే తనకు తానే నచ్చనట్టు.

"పేరయ్యనే ఉంచుకోండి" అన్నారు చివరికి.

"వచ్చేసారి మళ్లీ తమరిని అడగాలా ప్రభూ?"

"అక్కర్లేదు. మీ పెద్ద మీ ఇష్టం. నా పేరు మాత్రం ఇంకెప్పుడూ ఎత్తకండి."