డీజిలు ట్యాంకు తాళం

"నా అనుమానం ప్రతిసారీ రుజువవుతానే ఉంది స్వామీ. రుజువైన అనుమానం తప్పెట్లయితాది?"

ఈ ప్రశ్న అడిగినవాడు ఓబులపతి. వినవలసినవారు పరదేశయ్యగారు. రాయచోటి దాటాక కొండవాలులో ఉన్న వారి ఆశ్రమం గురించి పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. రెండు రేకుల వసారాలు, ఒక వంటిల్లు, ఒక బావి, కొద్దిమంది శిష్యులు, పున్నమికి వచ్చే జనం, అంతే. ఓబులపతి ఇక్కడికి రాకముందు ఒక గిడ్డంగిలో గుమాస్తాగా పనిచేశాడు. అందుకని సరుకుల గది తాళంచెవి అతని మొలతాడుకే వేలాడేది. మనిషి నిజాయితీపరుడు. నిజాయితీపరులకు సాధారణంగా ఉండే జబ్బు కూడా అతనికి ఉంది, ఎదుటివాడి నిజాయితీ మీద ఒక కన్ను వేసి ఉంచడం.

ఆ కన్ను ఇప్పుడు వంట చేసే తిమ్మక్క మీద పడింది. అతను వంటింటి గుమ్మంలో నిలబడిన రోజు వండిన అన్నం అందరికీ సరిపోతుంది. ఆ రోజు గంజి కోసం వచ్చే మేకల కాపర్లు కూడా అటు రారు, వంటిల్లు ప్రశాంతంగా ఉంటుంది. అతను పక్కకు పోయిన రోజు కాపర్లు వస్తారు, అన్నం చాలదు, బియ్యం తరుగుతాయి. ఇది ఎన్నోసార్లు చూశాడు. ఆమెను పంపించేసి ఇంకొకరిని పెట్టుకుందామని అడగడానికే ఆ పూట గురువుగారి దగ్గర కూర్చున్నాడు.

పరదేశయ్యగారు వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. చేతిలో పని ఉంటే కాసేపు అది చేసుకుంటారు. ఆ పూట చింతపండులో గింజలు తీస్తున్నారు. నాలుగు గింజలు తీసి పక్కన పడేశాక, "చెంగల్రాయుడి బండి ఎరుగుదువు కదా?" అన్నారు.

ఎరగకేం. పున్నమి పున్నమికీ ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని వచ్చే పాత డీజిలు కారు అది. ముందు దాని చప్పుడు వినిపిస్తుంది, తరువాత పొగ కనిపిస్తుంది, ఆ తరువాత ఎప్పటికో బండి వస్తుంది. బియ్యం సంగతి అడిగితే ఈయన బండి సంగతి ఎత్తారేమిటని ఓబులపతి అనుకున్నా, పైకి మాత్రం తల ఊపాడు. గురువుగారు చెప్పిన వృత్తాంతం ఇది.

చెంగల్రాయుడు రాయచోటిలో వేరుశనగ వ్యాపారి. ఆయన కూతురు బడికి పోయే రోజుల్లో కొన్న కారు, ఇప్పుడు ఆ కూతురి పిల్లల్ని బడికి తీసుకుపోతోంది. మూడు లక్షల కిలోమీటర్లు దాటాక మీటరు తిరగడం మానుకుంది. మొదటి రోజు నుంచీ దాన్ని నడిపింది రామాంజులు ఒక్కడే. చలికాలం పొద్దున్నే ఇంజను వేడెక్కి హీటరు లైటు ఆరేదాకా ఓపిక పట్టాలి. ఎత్తు ఎక్కేటప్పుడు పై గేరుకు ఆశపడకూడదు. నిలిపిన చోట నాలుగు చుక్కల ఆయిలు కారిస్తే చూసీ చూడనట్టు ఊరుకోవాలి. ఇంట్లో ముసలివాళ్లు ఉన్నవాళ్లకు ఇలాంటివి ఒకరు నేర్పక్కర్లేదు కాబట్టి బండికీ కుటుంబానికీ బాగానే కుదిరింది.

ఇలా ఉండగా బండి డీజిలు ఎక్కువ తాగడం మొదలుపెట్టింది.

"ముసలిదైపాయ కదయ్యా, తాగుతాండాది" అన్నాడు రామాంజులు.

బండి తాగుతోందా, మనిషి తీస్తున్నాడా అన్న ఆలోచన చెంగల్రాయుడికి అప్పుడే వచ్చింది. బజారులో ఇద్దరు ముగ్గురితో అంటే, వాళ్లు కాదనలేదు సరికదా, తమ డ్రైవర్ల సంగతులు కూడా కలిపి చెప్పారు. దాంతో ఆయన ట్యాంకుకు ఉన్న పాత మూత పారేయించి, తాళం పడే గట్టి మూత ఒకటి బిగించాడు. దాని తాళంచెవి తన జేబులో పెట్టుకున్నాడు. ఒక్క చుక్క కూడా బయటికి పోదని అమ్మినవాడు హామీ ఇచ్చాడు. పాపం, ఆ మాట నిజమే.

అప్పటినుంచి బండి దారిలో ఆగడం మొదలైంది. బాగా పోతూ పోతూ, ఆయాసం వచ్చినట్టు తడబడి ఆగిపోయేది. మెకానిక్కు ఫిల్టరు మార్చాడు. లైన్లో గాలి పట్టిందని పైపులు మార్చాడు. పంపు విప్పి మళ్లీ బిగించాడు. షెడ్డు చుట్టూ ఎన్నిసార్లు తిప్పినా బండికి ఏ రోగమూ లేదు, ఊరు దాటి కొంత దూరం పోతే మళ్లీ అదే వరస.

ఆగిన ప్రతిసారీ చెంగల్రాయుడు దిగేవాడు. జేబులోంచి తాళంచెవి తీసి, మూత తెరిచి, పుల్ల ముంచి చూసేవాడు. మూత తీయగానే ఉస్సుమని చప్పుడయ్యేది. ఎండకు ఆవిరి పట్టిందనుకునేవాడు. డీజిలు ఉండవలసినంత ఉండేది. మళ్లీ తాళం వేసి వచ్చి కూర్చుంటే, రామాంజులు బానెట్టు కింది చేతిపంపు నాలుగుసార్లు నొక్కి స్టార్టు చేసేవాడు, బండి బుద్ధిగా కదిలేది. నేను దిగి చూస్తే నడుస్తుంది, కూర్చుంటే ఆగుతుంది, తాళం వేశానన్న కడుపుమంటతో వీడే నిలుపుతున్నాడు అని ఆయన తేల్చుకున్నాడు. ఏ కోర్టుకైనా అంతకన్నా రుజువు అక్కర్లేదు.

చివరికి ఒకరోజు బస్టాండు పక్కన కార్ల స్టాండులో, తోటి డ్రైవర్లందరి ముందర, "డీజిలు దొంగవు నువ్వు" అనేశాడు. రామాంజులు బండి తాళంచెవి బానెట్టు మీద పెట్టి నడుచుకుంటూ పోయాడు. డ్రైవరుకు ఉన్న ఆస్తి మంచిపేరు ఒక్కటే, అది పోతే ఇంకొకరు బండి చేతికివ్వరు. ఎవరిని అడిగినా చూద్దామన్నారు, ఎవరూ చూడలేదు. ఆఖరుకు టమాటా మండీలో పెట్టెలు మోసే పనికి కుదిరాడు. జరిగింది అన్యాయం. ఊళ్లో ఒక్కరికీ అలా అనిపించకపోవడం ఇంకా పెద్ద అన్యాయం.

కొన్నాళ్లకు చెంగల్రాయుడు భార్య సరోజమ్మను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, తానే బండి నడుపుతూ కడపకు బయల్దేరాడు. గువ్వలచెరువు ఘాటు మధ్యలో బండి తడబడింది, ఆగింది.  ఆయన పాత అలవాటు కొద్దీ దిగి, మూత తెరిచాడు. ఉస్సుమంది. పుల్ల ముంచి చూసి, మూత బిగించి, పంపు నొక్కి, వచ్చి స్టార్టు చేస్తే బండి మామూలుగా పలికింది.

"డీజిలు సరిగ్గా ఉండాదా?" అంది సరోజమ్మ.

"ఉంది."

"మరి ఇప్పుడు నిలిపినోడు ఎవురు?"

చెంగల్రాయుడు మళ్లీ దిగిపోయి, మూత పూర్తిగా ఊడదీసి, ట్యాంకు నోటికి చేతిగుడ్డ కట్టాడు. కడపకు పోయి రాయచోటికి తిరిగొచ్చేదాకా బండి ఎక్కడా ఆగలేదు. ట్యాంకులోంచి డీజిలు పోతూ ఉంటే ఆ ఖాళీలోకి గాలి రావాలి. పాత మూతకు అందుకోసం సన్నని బెజ్జం ఉండేది, కొత్తదానికి లేదు. గాలి రాకపోతే పంపు ఎంత లాగినా డీజిలు కదలదు. మూత తెరిస్తే గాలి దూరుతుంది, బండి నడుస్తుంది. ఎక్కువ తాగడం సంగతి కూడా తరువాత తేలింది. ఇంజనులోకి డీజిలు చిమ్మే నాజిళ్లు అరిగిపోయాయి.

ఆ సాయంత్రమే ఆయన రామాంజులు ఇంటికి పోయి, తప్పు తనదేనని చెప్పి, బండి తాళంచెవి చేతికివ్వబోయాడు. రామాంజులు అందుకోలేదు.

"దొంగ అని స్టాండులో అందరి ముందర అన్నారయ్యా. కాదని మా ఇంట్లోకొచ్చి నా ఒక్కడికి చెప్తాండారు."

చెంగల్రాయుడు మరునాడు స్టాండుకు పోయాడు. ఎక్కడ నిలబడి ఆ మాట అన్నాడో అక్కడే నిలబడి, డ్రైవర్లందరినీ పిలిచి, రామాంజులు దొంగ కాదు, నేనే బుద్ధి లేక అన్నాను అని చెప్పాడు.  ఆ మధ్యాహ్నమే రామాంజులు వచ్చి బండి ఎక్కాడు.

ఇంతవరకు చెప్పి పరదేశయ్యగారు మళ్లీ చింతపండు చేతిలోకి తీసుకున్నారు. ఓబులపతికి ప్రాణం కుదుటపడింది. కథ మంచిగా ముగిసిందంటే తన ప్రశ్న కూడా ఎక్కడో ముగిసిందనుకున్నాడు.

"అయితే అంతా సర్దుకునింది కదా స్వామీ."

"మొన్న పున్నమికి మన గేటు కాడ రామాంజులు క్యానులోంచి డీజిలు పోసినాడు. చూసినావా?"

చూశాడు. రామాంజులు మొదట కారు వెనక తలుపు తీసి, "పోస్తాండానయ్యా, దిగి చూడండి" అన్నాడు. చెంగల్రాయుడు దిగాడు. చేతులు వెనక్కి కట్టుకుని, ట్యాంకు వైపు కాకుండా కొండ వైపు తిరిగి నిలబడ్డాడు. పోయడం అయ్యాక, "అయిందయ్యా" అంటే వచ్చి కూర్చున్నాడు. ఎంత పద్ధతైన డ్రైవరని ఓబులపతి ఆ రోజు మెచ్చుకున్నాడు కూడా.

"పోసినప్పుడల్లా అంతే" అన్నారు గురువుగారు. "మూతకు తాళం లేదు. చూస్తానని ఈయన అనడు. అయినా వాడు పిలుస్తాడు, ఈయన దిగుతాడు."

ఓబులపతి ఏదో అనబోయేలోపు వంటింట్లోంచి తిమ్మక్క కేక వినిపించింది. "ఓబులయ్యా, రాత్రికి బియ్యం కొలస్తాండా. వచ్చి చూసుకో." ఆ గొంతులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. పొద్దు వాలిందని చెప్పినంత మామూలుగా ఉంది.

ఓబులపతి లేవబోయి ఆగిపోయాడు. మొలతాడుకున్న తాళంచెవి మీద చెయ్యి వేసి, గురువుగారి మొహం చూడలేక కింద పడిన చింతగింజల వైపు చూశాడు.

"అట్ల పిలవమని ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదు స్వామీ."

పరదేశయ్యగారు ఇంకో గింజ తీసి పక్కన వేశారు.

"రామాంజులుకు కూడా ఎవరూ చెప్పలేదు నాయనా."