రిబ్బను విప్పని బహుమతి

మా పక్క వీధిలో గవర్రాజు వాళ్ళ ఇల్లుంది. ఊరి తెలివంతా ఆ ఇంట్లోనే మకాం పెట్టిందని వేరేవాళ్ళెవరూ అనలేదు గానీ, వాళ్ళు మాత్రం రోజూ అనుకునేవారు. అందుకు రుజువు కూడా ఉంది. వచ్చిన బహుమతిని ఆ ఇంట్లో విప్పరు. రిబ్బనైనా ఊడదీయకుండా బీరువాలో పెట్టి, తర్వాత వచ్చే పెళ్ళికో పేరంటానికో ఇచ్చేస్తారు. "ఖర్చూ లేదు, శ్రమా లేదు" అంటుంది గవర్రాజు తల్లి నూకాలమ్మ.

గవర్రాజు కూతురు బుజ్జెమ్మకి అయిదేళ్ళు. అంగన్‌వాడీలో రత్నం టీచరు తినిపిస్తే తప్ప ముద్ద ముట్టేది కాదు. ఇక ఒకటో తరగతికి వెళ్ళిపోతోంది కాబట్టి, టీచరుకి ఏదో ఒకటి ఇవ్వాలి. తీరా చూస్తే మొన్నటి పెళ్ళిళ్ళతో బీరువా ఖాళీ. ఇంకేముంది, ఇల్లంతా దిగులు.

"ఆవిడకి రోజూ పనికొచ్చేది ఇవ్వండి" అంది పక్కింటావిడ.

గవర్రాజు వెళ్ళి అంగన్‌వాడీ కిటికీలోంచి చూశాడు. ఆవిడకి రోజూ పనికొచ్చేది కుర్చీ. అంతే! ఆవిడ పిల్లలకి చేతులు కడిగిస్తుండగా దాన్ని ఎత్తుకొచ్చి, రంగుకాగితం చుట్టి, రిబ్బను కట్టి, మర్నాడు ఇంటిల్లిపాదీ మోసుకెళ్ళారు. పొద్దున్నుంచీ నిలబడే ఉన్న టీచరు కాగితం చింపి చూసి తల పట్టుకుంది.

"ఇవన్నీ ఎందుకండీ? రెండు మంచి మాటలు చెప్పండి, చాలు."

గవర్రాజు బాగా ఆలోచించాడు. "పులిహోర" అన్నాడు. రెండో వేలు మడిచి, "జీతం" అన్నాడు.

"పెసరట్టు" అంది నూకాలమ్మ ఉండబట్టలేక.

"ఆవిడ అడిగింది రెండే గదే అమ్మా! పరువు తీశావు!"

టీచరు నవ్వాపుకుని, "మీ బుజ్జెమ్మే నాకు పెద్ద బహుమతండీ. ఇంకేం వద్దు" అంది.

వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. పిల్ల తల్లి లోవకుమారి కళ్ళు ఒత్తుకుంది. కానీ నోరు తెరిచి అడిగాక ఇవ్వకపోతే మర్యాదేనా? కుర్చీకి కట్టిన రిబ్బను తీసి పిల్ల నడుముకి కట్టారు. దండం పెట్టి బయల్దేరారు.

"అమ్మా, నేనూ ఇంటికొస్తా!" అని పిల్ల ఘొల్లుమంది.

టీచరు వాళ్ళ వెనకే పరుగెత్తింది. "మీకేం పుట్టిందండీ? పిల్లని తీసుకెళ్ళండి!"

"ఇచ్చింది వెనక్కి తీసుకునే వంశం కాదండీ మాది" అన్నాడు గవర్రాజు. అన్నాడే గానీ పిల్ల వైపు తిరిగి తిరిగి చూశాడు.

టీచరుకి వాళ్ళని చూస్తే ఒళ్ళు మండింది, పిల్లని చూస్తే కడుపు తరుక్కుపోయింది. ఇక వాళ్ళ దారికే వచ్చింది. "సరే, పుచ్చుకున్నాను. ఇదుగో, నా తరఫున మీకు రిటర్న్ గిఫ్టు!" అని పిల్లని తల్లి చంకలో పెట్టింది.

ఏడుస్తూ, నవ్వుతూ ఇల్లు చేరారు. లోవకుమారి పిల్లని ముద్దులతో ముంచేసి, రిబ్బను విప్పబోయింది.

"ఆగవే!" అని అరిచింది నూకాలమ్మ, బీరువా తలుపు తీస్తూ. "అది విప్పేస్తే సోమవారం ఒకటో తరగతి మాస్టారికి ఏం పట్టుకెళ్తాం?"