ఇంజనుకి నీళ్ల తొడుగు

ఏలికకు పందేల పిచ్చి పట్టిన ఒకానొక సంస్థానంలో, కంచరి గవరయ్య రాజావారి బుల్లి పందెపు మోటారు సైకిలు ఇంజనుకి రాగి తొడుగు చుట్టి, అందులో నీళ్లు నింపాడు. అది చూసి దివానుగారు అదిరిపడ్డారు.

"నిప్పుతో నడిచేదానికి నీళ్లా? బలం చచ్చిపోదూ?" అని, గవరయ్యని ఊరి నుంచి వెళ్లగొట్టే హుకుం రాయడానికి కూర్చున్నారు.

బయట ఎండ మండిపోతోంది. మూడో పంక్తికే చెమట కారి సిరా అలుక్కుపోయింది, వేళ్లలోంచి కలం జారింది. తలెత్తి చూస్తే కిటికీలకు కట్టిన వట్టివేళ్ల తడికలు ఎండి గలగలలాడుతున్నాయి. వాటిని తడిపే పైడితల్లి, గవరయ్య పెళ్లామే, నిండు కుండ పట్టుకుని ఊరికే నిలబడి ఉంది.

"నీళ్లు చల్లవేమే?"

"నీళ్లు తగిలితే బలం చస్తుందన్నారు గదా బాబూ. హుకుం రాసే చెయ్యి గదా అని ఆగాను."

పైడితల్లి కుండని చంకకి మార్చుకుంది.

"ఇంజనూ అంతే బాబూ. ఒళ్లు కాగిపోతే లోపలికెళ్లే గాలి ఉబ్బిపోయి కొంచెమే పడుతుంది. చల్లగా ఉంటే నిండా పీల్చుకుని, నిండా మండి, చివరిదాకా ఒకే జోరున పరిగెడుతుంది."

దివానుగారు ఆ హుకుంతోనే రెండుసార్లు విసురుకున్నారు. చెమటకి నానిన కాగితం చేతిలోనే రెండు ముక్కలైంది.

"నీళ్లు పొయ్యవే తల్లీ," అన్నారు నీరసంగా.

"తడికలకా బాబూ, ఇంజనుకా?"

"రెండిటికీ."