మల్లోజు కట్టిన రాతిమండపం

కొండలను నిలిపి, నేలను మోసే స్వామికి చేతులు జోడించి, కనకవీటి శిల్పి మల్లోజు కథ చెబుతున్నాను, సావధానంగా వినండి.

పురాతనమైన కనకవీడు నగరంలో మల్లోజు అనే శిల్పి ఉండేవాడు. ఎంతటి నేర్పరి అయినా, తన పనిలో లోపముందన్న మాట మాత్రం చెవిన పడనిచ్చేవాడు కాదు.

ఒకనాటి ఉదయం భూమి కంపించింది. కోటబురుజులు ఒరిగాయి. వీధులకు వీధులే రాళ్లకుప్పలయ్యాయి. మరణించినవారికి అంత్యక్రియలు ముగిసేసరికి ఆకాశాన మబ్బులు కమ్మాయి. పైకప్పున్న చోటు ఒక్కటే మిగిలింది. అది మల్లోజు కట్టిన రాతిమండపం. పసిబిడ్డలతో, గాయపడినవారితో జనం దాని ముందు గుమిగూడారు.

"ఒకసారి స్తంభాలు తట్టి చూడరాదూ?" అంది భార్య అక్కమాంబ.

గట్టి రాయి సుత్తితో తడితే గంటలా మోగుతుంది. లోపల బీటవారిన రాయి మొద్దుగా పలుకుతుంది. శిల్పులందరూ ఎరిగిన పరీక్షే అది.

"నేను నిలిపిన స్తంభాన్ని నేనే అనుమానించనా? ఊరు నవ్విపోదూ!" అన్నాడు మల్లోజు.

"అయితే మన ఆచారం కానివ్వవయ్యా," అంది గాజులు అమ్మే బసవక్క. "కట్టినవాడు ఇంటిల్లిపాదితో ముందు కూర్చోవాలి. ఆ తరువాతే మేము. త్వరగా కూర్చో, వాన నీ కోసం ఆగదు!"

మల్లోజు అక్కమాంబతో కలిసి ఠీవిగా వెళ్లి మండపం నడుమ కూర్చున్నాడు. మనవరాలు పేరమ్మ పరుగున వచ్చి ఒడిలో చేరింది.

"తాతా, ఇది పడదు కదా?"

"పడదు" అనబోయాడు. కానీ ఊరందరికీ చెప్పగలిగిన మాట ఆ పిల్లకు చెప్పలేకపోయాడు. బిడ్డను అక్కమాంబకు అందించి, ఇద్దరినీ బయటికి పంపాడు. సుత్తి తీసుకొని ఒక్కొక్క స్తంభాన్నీ తట్టసాగాడు. అన్నీ మోగాయి. ఈశాన్యపు స్తంభం మాత్రం మొద్దుగా పలికింది.

దాని మీద పైకి గీత కూడా లేదు. ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. మల్లోజు బయటికి వచ్చి, "అమ్మలారా, అయ్యలారా! నా మండపం నమ్మదగినది కాదు. ఎవరూ లోపలికి రావద్దు" అన్నాడు.

"ఇన్నాళ్లూ కోసిన గొప్పలు నాలుగు చినుకులకే కరిగిపోయాయా?" అని బసవక్క దెప్పిపొడిచింది.

మల్లోజు తలవంచుకొని విన్నాడు. శిథిలాలలో దొరికిన దుప్పట్లు ఏరి తెచ్చి పిల్లలపై కప్పాడు. జనం గొణుక్కుంటూ వానలోనే నిలిచారు.

కొంతసేపటికి భూమి మరల సన్నగా వణికింది. ఈశాన్యపు స్తంభం విరిగింది. పైరాళ్లు ఒకదాని వెంట ఒకటి నేలకూలాయి. కింద ఎవరూ లేరు.

బసవక్క తడిసిన కొంగు పిండుకుంటూ, "మల్లోజయ్యా, రేపు మా ఇల్లు కట్టేది నువ్వే. ఎవరేమన్నా సరే, ఆ కప్పు కింద నేను నిశ్చింతగా నిద్రపోతాను" అంది.

తన పనిలోని లోపాన్ని తానే వెదికి, పదిమంది ఎదుట ఒప్పుకొనేవాడే నమ్మదగినవాడు. ఈ కథ విన్నవారందరి ఇళ్లూ చల్లగా, స్థిరంగా నిలుచుగాక!