తీతువు పాపయ్య మూడు ట్రిప్పులు

వీడియో కాల్ నొక్కగానే అవతలి మొహం కనబడకపోతే ఫోన్‌ని తిట్టేవాళ్లున్నారు. ఆ రెండు క్షణాల్లో లోపల సిగ్నలింగ్ అనే పని ఒకటి నడుస్తుందనీ, అవతలివాళ్లు ఎక్కడున్నారో వెతికి, మాట్లాడతారా అని అడిగి, ఇద్దరినీ కలుపుతుందనీ వాళ్లకెందుకు? అలాంటి మహానుభావుడే మా నక్క గవరయ్య.

రెండు కొండలు, మధ్యలో లోయ. కొండకొక బండ. రెండు బండల మీదా ఒకేసారి నిలబడితేనే మాట అటూ ఇటూ వినబడుతుంది. అలా నిలబెట్టడం తీతువు పాపయ్య పని. పొద్దున్నే ప్రతి జంతువూ తానెక్కడుంటుందో అతనికి చెప్పాలి. ఎవరైనా పిలిస్తే, మొదటి ట్రిప్పులో అవతలివాళ్లను అడుగుతాడు. రెండో ట్రిప్పులో వాళ్ల జవాబు పిలిచినవాళ్లకు చేరవేస్తాడు. మూడో ట్రిప్పులో మళ్లీ అవతలివాళ్ల దగ్గరికెళ్లి "వాళ్లు సిద్ధం, ఇక రండి" అంటాడు. అప్పటిదాకా ఎవరూ కదలకూడదు. మాటలు మాత్రం తను మొయ్యడు, అవి వాళ్లిద్దరూ నేరుగా చూసుకోవాల్సిందే.

కుందేలు బుల్లెమ్మ పిల్లల్ని కని పది రోజులైంది. గవరయ్య భయానికి బొరియ దాటడం లేదు. అవతలి కొండ మీదున్న అక్క నాంచారమ్మ పిలిస్తే మాత్రం వస్తుంది. అది గవరయ్యకు తెలుసు.

"పాపయ్యా, నాంచారమ్మ కబురంపింది. చెల్లెలితో అర్జెంటుగా మాట్లాడాలట."

"నీతో చెప్పిందా మావా?"

"నన్ను సొంత అన్నలా చూస్తుంది మరి. నీ తతంగమంతా మానేసి నేరుగా బండ దగ్గరికి రమ్మను."

"పద్ధతి ప్రకారం చేస్తాలే."

"చెయ్యి నాయనా. ఒక పలకరింపుకు మూడు ట్రిప్పులు. పెళ్లిచూపులు ఇంతకన్నా త్వరగా అయిపోతాయి."

పాపయ్య బొరియ ముందు వాలి కబురు చెప్పగానే బుల్లెమ్మ కంగారుగా అడిగింది. "అక్కకేమైందన్నా?"

"అది నాకు తెలీదమ్మా. మాట్లాడతావా?"

"మాట్లాడతాను. గాలి ఎక్కువగా ఉంది, నిదానంగా, గట్టిగా మాట్లాడమను."

"సరే. నేను మళ్లీ వచ్చేదాకా గడప దాటకు."

పాపయ్య లోయ దాటి, పొద్దున నాంచారమ్మ చెప్పిన వాక్కాయ పొద దగ్గర వాలాడు. "అక్కా, చెల్లెలు సరేనంది. గాలి ఎక్కువగా ఉందట, నిదానంగా, గట్టిగా మాట్లాడమంది."

"నేను పిలవలేదే."

"కబురు గవరయ్య తెచ్చాడు. తెచ్చింది ఎవరైనా, జవాబు పిలిచినవాళ్ల చోటుకే వెళ్లి చెప్పాలి కదా, అందుకే ఇటొచ్చాను. వస్తూ చూశాను, అటు బండ కింద పొట్ట నేలకానించి పడుకున్నాడు."

నాంచారమ్మకు ఒళ్లు మండింది. "ఆ పిలుపు రద్దని చెల్లెలికి చెప్పు. ఇప్పుడు నిజంగానే పిలుస్తున్నాను. ఆ కొండ మీది చిరుతగారిని అడుగు."

పాపయ్య బుల్లెమ్మకు రద్దు మాట చెప్పి, చిరుత దగ్గరికెళ్లి అడిగాడు. చిరుతకు నవ్వొచ్చింది. "కుందేలు నన్ను పిలిచిందా? ఏం మాట?"

"మాట మొయ్యడం నా పని కాదు దొరా. బండ దగ్గరికొస్తే ఆవిడే చెబుతుంది."

చిరుత సరేనంది. పాపయ్య ఆ మాట నాంచారమ్మకు చెప్పి, ఆమె బండెక్కాక తిరిగొచ్చి, "ఇక రండి దొరా" అన్నాడు. పద్ధతి పద్ధతే.

బండ కింద గవరయ్య ఈ ఆలస్యాన్ని తిట్టుకుంటూనే ఉన్నాడు. చివరికి అడుగుల చప్పుడు వినబడింది. ఎవరిదో చూడకుండా దూకాడు.

అవతలి బండ మీంచి నాంచారమ్మ నిదానంగా, గట్టిగా అంది. "నేను చెప్పాలనుకున్నది అదే దొరా, మీ కాళ్ల ముందుంది."

తర్వాతేమైందో గవరయ్య చెప్పలేదు, చెప్పే స్థితిలో లేడు. పాపయ్య మాత్రం "మాటలు ముగిశాయా?" అని రెండు బండల దగ్గరా అడిగి, ముగిశాయనిపించుకునే ఇంటికెళ్లాడు.

నీతి: పిలిచింది ఎవరో తేలేదాకా గడప దాటకపోతే కాస్త ఆలస్యమవుతుంది, ప్రాణం మాత్రం నిలుస్తుంది.