ఆటుపోట్లు తెలియని రాజకుమారులు

అనగనగా ఒక రాజు. ఆయన రాజ్యమంతా ఒక పెద్దనది సముద్రంలో కలిసేచోట ఉండేది. ఏడు పాయలు, పాయపాయకూ లంకలు, కర్ర గుచ్చితే చిగురేసే ఒండ్రునేల. పల్లంలో వరి, లంకల్లో అరటి, గట్ల వెంట కొబ్బరి. మరి కష్టమెక్కడిదంటారా? చెబుతాను, మీద పడకండి.

కొండల్లో ఉండే జటాలుడనే మాంత్రికుడికి ఆ పచ్చదనం చూసి కళ్ళు కుట్టాయి. ఎగువన నదికి మంత్రపుబండ అడ్డం వేశాడు. మంచినీరు ఆగింది, సముద్రపు ఉప్పునీరు పాయల్లోకి ఎక్కింది. నారుమళ్ళు పసుపుబారాయి. వారం దాటితే నారు చస్తుంది, ఆ ఏడు ఎవరింటా అన్నం ఉడకదు. వాడి ప్రాణమేమో చివరి లంకలో, మొగలిపొదలో, పంజరంలో ఉన్న చిలకలో ఉంది. రాజు కొడుకు తప్ప ఇంకెవరు ముట్టుకున్నా ఆ పంజరం నిప్పైపోతుంది.

రాజుకు ముగ్గురు కొడుకులు, కోట దాటి ఎరుగనివాళ్ళు. పెద్దవాడు రేవుకెళ్ళి పడవెక్కి దారి అడిగాడు.

"నీళ్ళు ఎటు పోతే అటే పోండి బాబూ" అన్నారు రేవులోవాళ్ళు.

పోయాడు, పోయాడు, పోయాడు. చూస్తే మళ్ళీ అదే రేవు. "ఇది వేరే రేవు" అని దబాయించి ఇంటికెళ్ళి పడుకున్నాడు. రెండోవాడూ పోయాడు, పోయాడు, పోయాడు. వాడికీ అదే రేవు. ఈ లోపల నాలుగు రోజులు గడిచాయి.

మూడోవాడు మకరందుడు. వాడూ పోయాడు, పోయాడు, పోయాడు. ఎదురుగా అదే విరిగిన మెట్టు, అదే బట్టలుతికే ముసలమ్మ. ఊరు తిరిగిందా, తను తిరిగాడా? ఇంకోసారి వెళ్ళినా అంతే. మెట్టుమీద కూలబడి, "నాకేమీ అర్థం కావడంలేదు. నా మూలంగా జనం పస్తులుంటారు" అని ఏడ్చాడు.

పడవ నడిపే నూకాలు అనే పిల్ల ఆ మాట విన్నది. "పోటు వచ్చినప్పుడు పడవ కట్టేశారా, రాజుగారబ్బాయిగారూ?"

"పోటంటే?"

నూకాలు తెల్లబోయింది. "సముద్రం రోజుకు రెండుసార్లు నీళ్ళను వెనక్కి తోస్తుందండి. అప్పుడు గెడకర్ర పాతి పడవ కట్టేసి అన్నం వండుకుంటాం. ఆటు మొదలై నీళ్ళు దిగువకు తిరిగాక కదులుతాం."

"ఎవరూ చెప్పలేదేం?"

"ఇక్కడ పసిపిల్లలకు కూడా తెలుసండి. మీకు తెలీదని ఎవరనుకుంటారు? అర్థం కాలేదని మీ అన్నలు అననేలేదు."

ఇద్దరూ బయల్దేరారు. మూడుసార్లు పోటు వచ్చింది. మూడుసార్లూ పడవ కట్టారు, వండారు, తిన్నారు. చివరి లంక వచ్చింది. మకరందుడు పంజరం తెరిచి చిలకను పట్టుకున్నాడు.

ప్రాణం గిలగిలలాడి జటాలుడు పడవలో తరుముకొచ్చాడు. కొండవాడు కదా, నీరు కిందికే పారుతుందనుకున్నాడు. లంక కనబడగానే పోటు వాణ్ణి వెనక్కి పట్టుకుపోయింది. మళ్ళీ వచ్చాడు, మళ్ళీ వెనక్కి. మూడోసారికి తెడ్డు వదిలేసి, "నేనెక్కడున్నాను?" అన్నాడు.

"బండ తియ్యి, చెబుతాను" అన్నాడు మకరందుడు, చిలక మెడమీద వేలు పెట్టి.

అక్కడినుంచే మంత్రం చదివి తీశాడు. మకరందుడు దారి చెప్పి వాణ్ణి కొండలకు పంపేశాడు, చిలకను మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు. ఏడోరోజు పొద్దున ఎగువనుంచి ఎర్రటి మంచినీరు వచ్చి నారుమళ్ళు తడిపింది. నారు తలెత్తింది.

మకరందుడు నూకాలును పెళ్ళాడి చాలాకాలం చల్లగా ఏలాడు. కొత్తవాడు దారి అడిగితే, ముందు అందరికీ తెలిసిన సంగతే చెప్పాలని రేవురేవునా చాటింపు వేయించాడు. పెద్దన్న మాత్రం అది వేరే రేవేనని చచ్చేదాకా అంటూనే ఉన్నాడు.