గోడ అవతలి కరెంటు

1987 జూన్ 14, ఆదివారం. మృగశిర కార్తె వచ్చి వారం కావస్తున్నా తునిలో చినుకు లేదు. పొద్దున్న పట్టిన మబ్బు పది గంటలకల్లా విడిపోయి, వడగాలి మొదలైంది. మృగశిర కురిస్తే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుందంటారు. ఆ ఏడు పడుచు ఎడ్లకే నోరు పెగల్లేదు.

మా వంటింట్లో దీపం వెలగడం మానేస్తే గుర్నాథం మేస్త్రీకి కబురు పెట్టాను. పాత ఇళ్ల వైరింగు ముట్టుకోవాలంటే మా ఊళ్లో ఆయనే. మాది పాత ఇల్లు, పైగా నేనూ మా తమ్ముడూ పంచుకున్న ఇల్లు. నడవ మధ్య ఇటుక గోడ లేచింది. ఆ గోడ కట్టిన తాపీమేస్త్రీ మా ఇద్దరి దగ్గరా కాఫీ తాగి, ఇద్దరితోనూ “మీ వైపే జానెడు ఎక్కువొచ్చిందండి” అని రహస్యంగా చెప్పి వెళ్లాడు. అది వేరే కథ.

మేస్త్రీ వెంట శిష్యుడు నూకరాజు వచ్చాడు. పెళ్లయినవాడు, పనిమంతుడు. పని మొదలుపెట్టేముందు ఇద్దరికీ మజ్జిగ ఇచ్చాను. నూకరాజు గ్లాసు కింద పెట్టి, నా ముందైతే మేస్త్రీ కోప్పడడనుకున్నాడో ఏమో, మనసులో మాట అడిగేశాడు.

“గురువుగారండీ, ఆరేళ్లయింది కదండీ. దసరాకి సొంత బోర్డు కట్టేసుకోమంటారా? మార్కెట్టు దగ్గర కొట్టు చూసేనండి. మా ఆవిడ బోర్డుకి పేరు కూడా పెట్టేసింది.”

“ఏం పేరురా?”

“ఆవిడ పేరేనండి.”

మేస్త్రీ నవ్వాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. అవుననీ కాదనీ చెప్పే అలవాటు ఆయనకి మొదటినుంచీ లేదు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, తన మొదటి శిష్యుడి సంగతి చెప్పాడు.

ఆ శిష్యుడి పేరు లోవరాజు. మేస్త్రీకి స్వయానా అక్క కొడుకు. చెయ్యి ఎంత నీటంటే, వాడు గోడమీద పరిచిన వైరు చూస్తే దారంతో గీత కొట్టారా అనిపించేదట. పని నేర్చుకున్నాడు, మావయ్య కాళ్లకి దండం పెట్టాడు, బోర్డు కట్టాడు. కట్టిన నెలలోనే పక్క ఊళ్లో అన్నదమ్ములు పంచుకున్న ఒక పెంకుటింట్లో పని వచ్చింది. అన్న వాటాలో దీపం మార్చాలి. లోవరాజు అన్న మీటరు దగ్గర ఫ్యూజు పీకాడు. పొరపాటున ఎవరూ తిరిగి పెట్టకుండా, అందరూ చేసినట్టే, జేబులో వేసుకున్నాడు. ఆ వాటాలో దీపాలన్నీ ఆరిపోయాయి. నిచ్చెనెక్కి, దూలం పక్కనున్న చెక్కపెట్టె విప్పి తీగ పట్టుకున్నాడు.

“ఆ తీగ తమ్ముడి వాటాలోంచి వస్తోంది,” అన్నాడు మేస్త్రీ. “మీటర్లు రెండు పెట్టించుకున్నారు, మధ్య గోడ లేపుకున్నారు. పైన తీగలెవరూ పంచుకోలేదు. వాణ్ణి కిందికి దింపేటప్పటికి ఫ్యూజు ఇంకా జేబులోనే ఉంది.”

గాలికి మా వీధి తలుపు టపటప కొట్టుకుంటోంది. లేచి గడియ వేసి వచ్చాను.

“తొందరపడ్డాడండి పాపం,” అన్నాడు నూకరాజు.

“వాడేం తొందరపడలేదురా. నేను చూపించినదంతా నేర్చుకునే వెళ్లాడు. పాత ఇల్లు అనేసరికి వాణ్ణి కొత్త కట్టుబడి మీదకి తోలేసి, నేనొక్కణ్ణే పోయేవాణ్ణి. అక్క కొడుకు. ఏదైనా అయితే అక్క గుమ్మం ఎలా తొక్కుతానని.”

నూకరాజు గ్లాసు అంచు రుద్దుతూ మెల్లిగా అన్నాడు.

“నన్నూ పాతింట్లో ఎప్పుడూ నిచ్చెనెక్కనివ్వలేదు కదండీ.”

మేస్త్రీ అతని మొహంలోకి చూశాడు. వయసు మీదపడ్డాక ఇలాంటి చోట ఏదో ఒకటి అడగకుండా ఉండలేకపోతున్నాను. పోయిన ఆ లోవరాజు సామాను ఏమైందని అడిగాను.

“సైకిలు వాళ్లన్న తీసుకున్నాడండి. కటింగుప్లేయరు, స్క్రూడ్రైవర్లు ఎవరో స్నేహితుడు పట్టుకుపోయాడు. బోర్డు మంచి రేకండి, మా బావ పశువులపాకకి చూరుకింద కొట్టుకున్నాడు. మా అక్కకి మాత్రం ఏమీ రాలేదు.”

నూకరాజు లేచాడు. మా మీటరు దగ్గరికి వెళ్లి ఫ్యూజు పీకాడు. అక్కడే నిలబడి పైకి, దూలం వెంట, నడవ మధ్య గోడదాకా చూశాడు. చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లి, మా తమ్ముడి గుమ్మంలో “అమ్మగారండీ” అని పిలవడం వినిపించింది. తిరిగొచ్చేటప్పటికి చేతిలో వాళ్ల ఫ్యూజు కూడా ఉంది. రెండూ జేబులో వేసుకున్నాడు.

మేస్త్రీ అప్పటికే నిచ్చెన దూలానికి ఆనించి, దాని మొదట్లో నిలబడి ఉన్నాడు.

“ఎక్కు,” అన్నాడు. “ఇవాళ నేను పట్టుకుంటాను.”